ముప్పై బైబిళ్లకు ఒక మిషను

బాజి కొట్లో ఆ బల్ల మిషనును చూసిన రోజే సుప్రియ మనసులో అది తనదైపోయింది. ఇంటికి తెచ్చుకోవడం ఒక్కటే తక్కువ.

బందరు కోనేరు సెంటరు వెనక సందులో బాజిది పాత కుట్టుమిషన్ల కొట్టు. టైలర్లకీ, సంచులు కుట్టేవాళ్లకీ, గిలకలదిండి పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాళ్లకీ ముప్పై ఏళ్లుగా మిషన్లు అమ్మేదీ ఆయనే, బాగుచేసేదీ ఆయనే. మామూలు మిషను మీద తోలు కుడితే ఏమవుతుందో సుప్రియ అప్పటికే ఇంట్లో చూసింది. పై పొర ముందుకు జారిపోతుంది, కింది పొర అక్కడే ఉండిపోతుంది, కుట్టు పూర్తయ్యేసరికి రెండు అంచులూ మాటల్లేని అత్తాకోడళ్లలా చెరోవైపు తిరిగి ఉంటాయి. బల్ల మిషనులో ఆ పేచీ లేదు. దాని కింది పళ్లతోపాటు పైనున్న పాదం కూడా నడుస్తుంది. రెండు పొరల్నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. మేకతోలు ముక్క రెండు మడతలు పెట్టి జానెడు కుట్టి చూసుకుంది సుప్రియ. బియ్యపు గింజలు పేర్చినట్టు పడింది కుట్టు.

చేతిలో ఉన్నదానికి ఒక్క మిషనే వస్తుంది. పొరపాటు పడితే మార్చుకునే దారి లేదు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనని బాజి గోడ మీదే రాయించాడు. శనివారం మధ్యాహ్నానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు, పెడన నుంచి ఒకాయన ఆ మిషను కోసమే రెండుసార్లు వచ్చి వెళ్లాడట.

సుప్రియ తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచం పట్టింది. బడి అక్కడితో ఆగింది. ఆ తర్వాత రొయ్యల కంపెనీ. ఐసు బల్ల ముందు ఎనిమిది గంటలు నిలబడి తలలు తుంచడం. పెళ్లయింది, శాంతి పుట్టింది. భర్త ప్రేమ్ సాగర్ గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలెత్తుతాడు. ఇద్దరూ డ్యూటీకెళ్తే ఏడాదిన్నర పిల్ల పక్కింటివాళ్ల గడప దగ్గర. మొన్న శాంతికి దగ్గు తిరగబెట్టి రాత్రీ పగలూ ఎగశ్వాస పెడుతుంటే సుప్రియ నెల రోజులు సెలవు పెట్టింది. ఆ నెలలో ఊరికే కూర్చోలేక, గుడివాడలో తండ్రి రత్నరాజు దగ్గర మిగిలిన తోలు ముక్కలు తెచ్చి మూడు బైబిలు కవర్లు చేత్తో కుట్టింది. వాటిలో ఒకటి చుట్టాల చేతుల మీదుగా అవనిగడ్డ చేరింది. అక్కడి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద రాజమ్మగారు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, మూడు వారాల్లో జరిగే మహాసభకు తమ సమాజంలో అందరికీ ఒకే రకం ముప్పై కావాలని కబురు పెట్టింది.

ఇటేమో కంపెనీ సూపర్‌వైజరు, సోమవారం డ్యూటీలోకి రాకపోతే ఆ చోటులో ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు. సరైన మిషను ఎంచుకుంటే పని ఇంట్లో, పిల్ల కళ్ల ముందు. తప్పు మిషను ఎంచుకుంటే మళ్లీ ఐసు బల్ల, అది కూడా మిగిలి ఉంటే.

బుధవారం స్త్రీల కూడిక ఉంటుందని తెలిసి, సుప్రియ పిల్లను చంకనేసుకుని అవనిగడ్డ బస్సెక్కింది. సంచిలో బాజి కొట్లోనే బల్ల మిషను మీద కుట్టి చూసుకున్న కొత్త కవరు. ముదురు గోధుమ రంగు, చుట్టూ జిప్పు. కొలత కోసం పాస్టరుగారింట్లో కొత్త బైబిలు అడిగి తెచ్చి, అంగుళాల బద్ద పెట్టి కొలిచి మరీ కుట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ప్రార్థన అయ్యాక వందనాలు చెప్పి కవరు రాజమ్మగారి చేతికిచ్చింది. ఆవిడ వాసన చూసింది, కుట్టు మీద గోరుతో గీసి చూసింది, బాగుందంది. తన బైబిలు అందులో పెట్టి జిప్పు లాగింది. సగం దాకా వచ్చి ఆగింది. ఇంకొంచెం లాగితే జిప్పు పళ్లు విడిపోయేలా ఉన్నాయి.

సుప్రియ ఆ బైబిలు చేతిలోకి తీసుకుంది. బైబిలు కొలత అదే, అచ్చు అదే. తెరిచి చూస్తే తెలిసింది. అందులో రాజమ్మగారి పెళ్లి కార్డు ఉంది. కొడుకు బాప్తిస్మం ఫోటో ఉంది, భర్త జ్ఞాపకార్థ కూడిక కార్డు ఉంది, ఏడెనిమిది కానుక కవర్లు, కంటి ఆసుపత్రి చీటీ, పోయిన నెల కరెంటు బిల్లు. పుస్తకం రెండు వేళ్ల మందమైతే ఆవిడ చేతిలో ఉన్నది నాలుగు వేళ్లుంది.

సమాజానికి సెక్రటరీగా ఉండే శ్రీలేఖ నవ్వాపుకోలేకపోయింది. "అందరి బైబిల్లోనూ అరవై ఆరు పుస్తకాలేనమ్మా. రాజమ్మగారి దాంట్లో అరవై ఏడు. ఆ చివరిది కరెంటాఫీసు వాళ్లు రాసింది."

"నీ బైబిలు సన్నంగా ఉందంటే తెరవలేదని అర్థం," అంది రాజమ్మగారు తలెత్తకుండా.

అందరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూనే తమ తమ బైబిళ్లు తెచ్చి కవరులో పెట్టి చూశారు. ఒకావిడ దాంట్లో మట్టల ఆదివారం నాటి ఎండిన ఖర్జూరపు మట్టల ముక్కలు, ఒకావిడ దాంట్లో మనవరాలి మొదటి పరీక్ష మార్కుల కాగితం. కొన్ని చెమ్మకు ఉబ్బి అంచులు విచ్చుకున్నాయి. ఒక్క శ్రీలేఖదే పట్టింది. దానికి ఆమెను ఇంకాసేపు ఆడిపోసుకున్నారు.

కాగితాలు తీసి ఇంట్లో పెట్టుకోమని చెబుదామనుకుంది సుప్రియ. నోటిదాకా వచ్చింది. రాజమ్మగారే ముందు అందుకుంది.

"ఇవి తీసేస్తే ఇది నా బైబిలు ఎలా అవుతుందమ్మా? నీకు కుదిరితే చెయ్యి. కుదరకపోతే ఆదివారంలోపు చెప్పు, ఎప్పట్లా బెజవాడ నుంచి గుడ్డవి తెప్పించుకుంటాం. అవి సాగుతాయి."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

సుప్రియ అక్కడే చాప మీద కూర్చుంది. పాత పేపరు ఒకటి అడిగి తీసుకుని వేలెడు వెడల్పు పట్టీలుగా చింపింది. తండ్రి చెప్పులకు కాలు కొలిచేది అలాగే. అంగుళాలూ అంకెలూ ఉండవు. పట్టీని కాలి చుట్టూ తిప్పి, కలిసిన చోట గోటితో చింపి, దాని మీద పేరు రాసి పెట్టుకోవడమే. ఒక్కో బైబిలును కాగితాలతో సహా మూసి, చుట్టూ పట్టీ తిప్పి చింపింది. రాని వాళ్లవి శ్రీలేఖ ఇళ్లకు మనిషిని పంపి తెప్పించింది. శాంతి అందరి ఒళ్లూ తిరిగి, బిస్కెట్లు తిని, నిద్రపోయి లేచేసరికి ముప్పై పట్టీలయ్యాయి.

మర్నాడు గుడివాడ. రత్నరాజు బస్టాండు దగ్గర పాతికేళ్లు చెప్పులు కుట్టినవాడు. ఇప్పుడు కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకుపోయి విప్పుకోవడం లేదు. ఇంటి అరుగు మీదే తెలిసినవాళ్ల పని చేసి పెడతాడు. కూతురు తెచ్చిన కవరును అటూ ఇటూ తిప్పి, కాలు చూడకుండా చెప్పు కుట్టినట్టుందన్నాడు. తర్వాత రంపెతో మూడు వేళ్ల వెడల్పున తోలు పట్టీ కోశాడు. దాన్ని కవరు అంచు మీద నిలువునా నిలబెట్టాడు.

"అట్టకు గోడ కట్టు. గోడ ఎంత ఎత్తుంటే పుస్తకం అంత లావు పడుతుంది. నీ పేపరు పట్టీలు చెబుతాయి ఎవరికెంతో."

చూస్తే ఎంత తేలికో. ఇన్నాళ్లూ తను కవరు కుట్టింది, కుట్టాల్సింది పెట్టె.

రత్నరాజు ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం రాసిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులెక్కించి, ప్రతి బెజ్జంలోంచీ ఇటుదటు, అటుదిటు దాటిస్తూ ఒక మూల కుట్టి చూపించాడు. ఈ కుట్టులో ఒకచోట దారం తెగినా పక్కవి నిలబడతాయి. మిషను కుట్టు ఒకచోట తెగితే వరసంతా వదులవుతుంది. ఆ మాట చెప్పాడు గానీ మొత్తం చేత్తోనే కుట్టమనలేదు. రోజుకొకటి దాటదు, ముప్పై రోజులు పడుతుంది, సభ మూడు వారాల్లో ఉంది. పైగా ఆయన తన ముడుచుకున్న వేళ్లు కూతురి ముందు పెట్టి, పాతికేళ్ల తర్వాత నీ చెయ్యి ఇలా ఉండక్కర్లేదు, మిషను కొను అన్నాడు. తర్వాత ఇంకో మాటన్నాడు.

"ఆ బల్ల మీద ఈ గోడను మూల దగ్గర ఎలా తిప్పుతావో ఆలోచించావా?"

ఆలోచించలేదు. మనసుపడ్డ మిషను గురించి అడిగినట్టు కాక, మనసుపడ్డ మనిషి గురించి అడిగినట్టనిపించింది. తిప్పుతానులే అంది. శనివారం తనూ వస్తానన్నాడు తండ్రి.

శనివారం పొద్దున్నే తండ్రీ, కూతురూ, పిల్లా ముగ్గురూ బాజి కొట్లో ఉన్నారు. బాజి, రత్నరాజు కుర్రతనం నుంచీ ఎరుగున్నవాళ్లు. ఒకప్పుడు గుడివాడలో ఒకే చెట్టు నీడన ఒకాయన మిషన్లు, ఒకాయన చెప్పులు బాగుచేశారు. అందుకే సుప్రియకు ఆయన మావయ్య. రత్నరాజును చూస్తూనే బాజి, ఏం బావా, కూతుర్ని నమ్మలేదా నన్ను నమ్మలేదా అన్నాడు. ఇద్దర్నీ నమ్మాను గానీ నీ గోడ మీద రాతను నమ్మలేదు అన్నాడు రత్నరాజు. బాజి భార్య జైతూన్ బీ లోపల్నుంచి వచ్చి శాంతిని ఎత్తుకుంది.

సుప్రియ గోడ పట్టీ అంటించిన కవరు ముక్క బల్ల మిషను మీద పెట్టింది. తిన్నటి అంచు మీద మిషను పరుగెత్తింది, చూడముచ్చటగా. మూల దగ్గరకొచ్చేసరికి నిలువుగా ఉన్న గోడ బల్లకు కొట్టుకుంది. వంచి పట్టుకుంది. తిరగలేదు. ఇంకొంచెం నొక్కి తోసింది. టక్కుమంది. సూది విరిగి కొస ఎటో ఎగిరిపోయింది.

ఆమె చేసిన మొదటి పని మిషను స్విచ్చు ఆపడం. రెండోది లోపలికెళ్లి శాంతి రెండు గుప్పిళ్లూ విప్పి చూడడం. తర్వాత నేల మీద మోకాళ్లేసింది. ఊడ్చేటప్పుడు దొరుకుతుందిలే అమ్మాయ్, పద, ఇంకో సూదేస్తాను అన్నాడు బాజి. ఆమె వినిపించుకోలేదు. మరమేకుల డబ్బాలో ఉన్న అయస్కాంతం ముక్క తీసుకుని మిషను కిందా, తోలు మడతల్లో, తండ్రి చెప్పుల చుట్టూ అంగుళం అంగుళం తిప్పింది. కొస బల్ల కాలి సందులో దొరికింది. రెండు ముక్కలూ కాగితం మీద పక్కపక్కన పెట్టి, మధ్యలో ఇంకేం తగ్గలేదని చూసుకున్నాకే లేచింది. ఇంట్లో రోజూ రాత్రి సూదులు లెక్కపెట్టుకుని గానీ పడుకోదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఉన్న ఇల్లు.

అప్పుడు చూసింది తోలును. మూల దగ్గర మూడు బెజ్జాలు ఒకదాన్నొకటి చింపుకుని ఒకే కన్నమయ్యాయి. గుడ్డయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు, గోటితో రుద్దితే మచ్చ కూడా పోతుంది. తోలుకు పడ్డ బెజ్జం మానదు. ఒక్కో మూలను ఒక్కసారే కుట్టగలదు, ముప్పై కవర్లకు నూట ఇరవై మూలలు.

ఆమె ఆ పెద్ద మిషనును ఒకసారి తలనుంచి పాదం దాకా చూసింది. కష్టంగానే ఉంది. అయినా నిర్ణయానికి ఎక్కువసేపు పట్టలేదు.

బల్ల లేని మిషను ఉందా మావయ్యా అని అడిగింది.

బాజికి నచ్చలేదు. గోడలూ పెట్టెలూ ఎందుకు, మూలల్లో కుచ్చిళ్లు పెట్టి పని కానిచ్చెయ్, ఈ మిషను నీ కూతురి పెళ్లిదాకా ఉంటుంది అని నచ్చచెప్పాడు. పెడన ఆయన సంగతి మళ్లీ ఎత్తాడు. ఆమె చినిగిన మూలను ఆయన ముందు పెట్టింది. చివరికి ఆయనే కొట్టు వెనక గోనెపట్టాలు తీసి ఒకదాన్ని చూపించాడు. దానికి బల్ల లేదు. ముంజేయంత లావు ఇనుప గొట్టం ఒకటి ముందుకు చాచి ఉంది, సూది ఆ గొట్టం కొస మీద దిగుతుంది. చెప్పులు కుట్టే కంపెనీ ఒకటి మూతపడితే కొన్నాడట. పాదం దీనిక్కూడా నడుస్తుంది గానీ తిన్నటి కుట్టు వంకర పోతుందని ఎవరూ అడగడం లేదు.

సుప్రియ కొత్త ముక్కను రవిక చేతిని తొడిగినట్టు ఆ గొట్టానికి తొడిగింది. గోడ కిందికి వేలాడింది. దానికి అడ్డం ఏమీ లేదు. మూల దగ్గరికి రాగానే తొక్కుడు మీంచి కాలు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పింది. ఒక కుట్టు. తోలు కొంచెం తిప్పి ఇంకో కుట్టు. ఇంకోటి. నాలుగో కుట్టుకు మూల తిరిగింది. రెండో మూల కూడా తిప్పింది.

తిన్నటి చోట మాత్రం బాజి అన్నట్టే అయింది. తోలు రెండువైపులా వేలాడి బరువుకు లాగుతోంది, వరస పాములా పోయింది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి రత్నరాజు, గొట్టం పట్టేంత గాడి తీసిన చెక్క పలక పక్కన అమర్చితే తిన్నటి కుట్టుకు అదే బల్లవుతుంది, మూల వచ్చినప్పుడు పలక తీసెయ్యొచ్చు అన్నాడు. పలక తను చేసిస్తానన్నాడు. బాజి కొట్లోనే ఓ అట్టపెట్టె కోసి, కింద ఇటుకలు పేర్చి పెట్టి చూశారు. వరస నిలబడింది.

జిప్పు రెండు కొసలూ, పుస్తకం వీపు మీద పడే పట్టీ పైనా కిందా, చెయ్యి పట్టి లాగే ఈ నాలుగు చోట్లా మాత్రం చేత్తో రెండు సూదుల కుట్టే వేస్తానంది సుప్రియ. అది వింటూనే బాజి హుషారుగా ఒక పెట్టె తెచ్చాడు. ఇరవై రకాల పనిముట్లు, స్పాంజిలో పొదిగి, తళతళలాడుతూ. ఆమె అందులో సూదులు తీసి వేలి మీద గుచ్చుకుని చూసి పక్కన పెట్టింది. బాగా వాడిగా ఉన్నాయి. బెజ్జం ఆరె చేస్తుంది, సూది దారి వెతుక్కుంటూ వెళ్తే చాలు. వాడి సూదైతే అప్పటికే వెళ్లిన దారాన్ని చీల్చుకుంటూ పోతుంది. మొద్దు మొనవి రెండు ఇమ్మంది. మైనం ముద్ద ఒకటి. ఆరె తండ్రిది ఉంది. ఇక బెజ్జాలకు గుర్తులు కొట్టే పళ్ల పంచ్ ఒకటి కావాలి. బాజి దగ్గర మూడు కొలతలున్నాయి, ఏదైనా ఒకటే అన్నాడు.

సుప్రియ పేపరు ముక్క ఒకటి చింపి, గొట్టం మిషను దారం తీసేసి, వట్టి సూదితో ఆ కాగితం మీద కుట్టింది. బెజ్జాల వరస పడింది. ఇంకో మూడు ముక్కల మీద మూడు పంచ్‌లూ సుత్తితో కొట్టింది. ఒక్కోదాన్ని మిషను కాగితం మీద పెట్టి వీధి వైపు వెలుతురుకు ఎత్తి చూసింది. మొదటిది నాలుగో బెజ్జానికే తప్పింది. రెండోది ఎనిమిదికి. మూడోది పెట్టినప్పుడు ఈ చివర నుంచి ఆ చివరదాకా వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగింది.

రత్నరాజు ఆ రెండు కాగితాలూ తీసుకుని తను కూడా ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా. మిషను కుట్టు ఒకలా, చేతి కుట్టు ఒకలా ఉంటే, కట్టుడు పళ్లు పెట్టించుకున్న నోరులా ఉంటుందేమోనని భయమేసింది."

బాజికి ముందరి పళ్లు రెండు కట్టించినవే. రత్నరాజు ఆయన వైపు చూసి గట్టిగా నవ్వాడు. మీ తండ్రీకూతుళ్లకు సరుకమ్మడం కంటే టార్పాలిన్లు కుట్టుకోవడం నయం అన్నాడు బాజి, తనూ నవ్వుతూనే. తర్వాత నవ్వాపి, గోడ మీద రాత చూపించి, ఈ మాట మళ్లీ అడుగుతున్నాను, బాగా ఆలోచించుకో అన్నాడు.

"బల్ల మిషను మంచిదే మావయ్యా. నా పనికి మాత్రం కాదు. ఇదే ఇవ్వండి." పక్కనున్న చక్రం వైపు వేలు చూపించి, "బెల్టుకు రేకు తొడుగు వేయిస్తేనే తీసుకెళ్తాను. పిల్ల వేలు దూరే సందు కూడా ఉండకూడదు."

ఆ తొడుగు కోసం రెండు గంటలు పట్టింది. బాజి రేకు కత్తిరించి బిగించాక, ఆమె తన చిటికెన వేలుతో చుట్టూ తడిమి, ఒకచోట దూరుతోందని మళ్లీ విప్పించింది. అది బిగిస్తుండగానే ఫోను మోగింది. కంపెనీ సూపర్‌వైజరు. సోమవారం పొద్దుటి డ్యూటీలో పేరు రాయమంటావా అని అడిగాడు.

"వద్దండీ. నా చోట్లో ఎవర్నైనా పెట్టుకోండి," అంది. ఆ చేత్తోనే అవనిగడ్డకు కలిపి, ముప్పైకి ముప్పై కాగితాలతో సహా పడతాయని చెప్పింది. అవతల రాజమ్మగారు సరేనమ్మా అని, కరెంటు బిల్లు మాత్రం తీసేశానులే అంది.

ట్రాలీ ఆటోలో మిషను ఎక్కించారు. ముందు సీట్లో రత్నరాజు ఒళ్లో శాంతి. వెనక మిషను పక్కన సుప్రియ. ఇంటికెళ్లగానే రాజమ్మగారిదే మొదలుపెట్టు, పెద్దావిడది బాగా కుదిరితే పేరొస్తుంది అని వెనక్కి తిరిగి చెప్పాడు తండ్రి. వద్దు, ముందు సన్నవి కుడతానంది ఆమె. శ్రీలేఖది మొదట. గోడ తక్కువైతే మూలలు తేలిక. ఒక తొమ్మిది అయ్యేసరికి చెయ్యి నిలబడుతుంది, అప్పుడు రాజమ్మగారిది. అదీ బాగుందన్నాడు రత్నరాజు.

రేవు రోడ్డు మీద గుంతలు మొదలయ్యాయి. మిషను పట్టుకోమ్మా అని ఆయన కేకేసేసరికే ఆమె పైట నడుముకు దోపుకుని, రెండు చేతులూ గొట్టం కిందికి దూర్చి ఉంది.